అమ్మగారి సేవకు లెక్క రాద్దాం: జ్ఞాపకార్థ కూడికలో చదివే జీవిత సంగ్రహం గురించి

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఈ పూట మాట్లాడుకునేది ఒకే ఒక్క పని గురించి. సంఘంలో ఒక పెద్దావిడ ప్రభువునందు నిద్రిస్తారు. ముప్పై నలభై ఏళ్లు పల్లెలు తిరిగి సువార్త చెప్పిన మనిషి, ఇంటెడు పిల్లల్ని పెంచిన తల్లి. కూడికలో ఆమె జీవిత సంగ్రహం చదవాలి. కొడుకో కూతురో రాత్రికి రాత్రి ఒక పేజీ రాస్తారు. అందులో ఏముంటుందో వినకముందే చెప్పేయొచ్చు. ప్రార్థనాపరురాలు, ఇంటికొచ్చినవారికి అన్నం పెట్టకుండా పంపేది కాదు, పాస్టరైన భర్త, అంటే అయ్యగారి సేవలో చేదోడువాదోడుగా నిలిచింది. మూడూ నిజమే అయ్యుంటాయి. కానీ ఏ ఊరి పాస్టరమ్మగారి పేరు పెట్టినా ఆ పేజీ సరిపోతుంది. చిక్కంతా అక్కడే.

ఇందులో పిల్లల తప్పు కొంతే. అయ్యగారికి మిషను జీతమిచ్చింది. అందుకే జీతాల పుస్తకంలో, బదిలీ కాగితాల్లో ఆయన పేరుంది. అమ్మగారికి జీతం లేదు, పేరూ లేదు. అదే బైబిలు స్త్రీగా, అంటే మిషను జీతం మీద ఊళ్లు తిరిగి వాక్యం చెప్పే ఆవిడగా పనిచేసి ఉంటే, ఎంత తక్కువైనా నెల జీతం ఉండేది. అలాంటివారి పేర్లు మిషను వార్షిక నివేదికల్లో దొరికే అవకాశముంది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఇది: ఆమె సేవ జీతం మీద చేశారా, జీతం లేకుండా చేశారా? ఎక్కడ వెతకాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఒంగోలు ప్రార్థన కొండ సంగతే చూడండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండెక్కింది ఐదుగురు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూవెట్ దొర పేరు మన సండే స్కూలు పిల్లలకు కూడా వచ్చు. ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే పేరుగల సోదరుడు, జూలియా, రూతు కూడా ఎక్కారు. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. ఆ మూడు పేర్లూ ఎంతమంది చెబుతారో ఈ ఆదివారం అడిగి చూడండి.

ఇక కాగితాలు. మొదట చూడాల్సింది సంఘంలోని బాప్తిస్మపు రిజిస్టరు. లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘాల్లో పసిబిడ్డలకు బాప్తిస్మమిస్తారు కాబట్టి ఆ వరుసలో పుట్టిన తేదీ కూడా దొరకవచ్చు. బాప్టిస్టు సంఘాల్లో ఎదిగాక తీసుకుంటారు, అందుకని ఆ తేదీని చూసి వయసు లెక్కకట్టొద్దు. బడి సర్టిఫికెట్లో ఉన్నది చాలాసార్లు చేర్పించిన రోజున మాస్టారు వేసిన తేదీ. రెండూ కలవకపోతే రిజిస్టరునే నమ్మండి. రిజిస్టరూ లేకపోతే "1938 ప్రాంతంలో" అని రాయడంలో నామోషీ ఏమీ లేదు.

పేరు సంగతీ అంతే. ఊళ్లో ఒక పేరు, సంఘంలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు. ఎందుకో ఈ గదిలో ఉన్నవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. వెతికేటప్పుడు మూడు పేర్లతోనూ వెతకండి. కూడికలో పైకి ఏది చదవాలన్నది మాత్రం ఇంట్లోవాళ్లంతా ముందే కూర్చుని తేల్చుకోవాలి.

మిషను పేర్ల దగ్గర కూడా తప్పులు దొర్లుతుంటాయి. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. గుంటూరు, రాజమండ్రి లూథరన్లవి. కాకినాడ కెనడియన్ బాప్టిస్టులది. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది, మచిలీపట్నం సి.ఎం.ఎస్. (ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీ) వారిది, కడప లండన్ మిషనుది. ఈ చివరి మూడూ 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన సి.ఎస్.ఐ.లో కలిశాయి. అంచేత 1940లో మెదక్‌లో పుట్టి పసితనంలోనే బాప్తిస్మం పొందిన తల్లి "సి.ఎస్.ఐ. సంఘంలో బాప్తిస్మం పొందింది" అని రాస్తే తప్పు. పాత రిజిస్టర్ల కోసం ఎవర్ని అడగాలో కూడా ఈ వివరంతోనే తెలుస్తుంది.

కాగితం దొరకని ఏళ్లకు మనుషులే దిక్కు. పెద్దవాళ్లకు సంవత్సరం గుర్తుండదు, ఉప్పెన గుర్తుంటుంది. "ఏ సంవత్సరం?" అని అడక్కండి, "దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?" అని అడగండి. అది 1977 నవంబరు 19. గోదావరి జిల్లాలవారికి 1986 వరదలు, కోనసీమవారికి 1996 నవంబరు తుపాను. ఇలా రెండు గుర్తుల మధ్యకు తెస్తే ఒక ఊళ్లో ఎన్నేళ్లు పనిచేశారో తేలిపోతుంది.

ఎవర్ని అడగాలంటే, పిల్లల్ని చివర్లో అడగండి. పిల్లలకు అమ్మ ఇంట్లో ఉన్న వేళలే తెలుసు. ఊళ్లకు ఇద్దరిద్దరుగా వెళ్లేవారు కాబట్టి తోడు వెళ్లినావిడ ఉంటే ముందు ఆవిడ దగ్గరికి వెళ్లండి. "అమ్మగారు ఎలాంటివారు?" అంటే "దేవత" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. ఏ రోజు ఏ పల్లె? నడకా, బస్సా? ఎవరింటి అరుగు మీద కూర్చునేవారు? బైబిలు కథల బొమ్మల చుట్ట విప్పి చెప్పేవారా, పాట ఎత్తుకునేవారా? చంటిబిడ్డను ఎవరికి అప్పగించి వెళ్లేవారు? చివరి ప్రశ్న మరిచిపోవద్దు. కుటుంబం, సేవ ఒకదాన్నొకటి ఎలా మోశాయో దానికొచ్చే జవాబులోనే ఉంటుంది. చాలా ఇళ్లల్లో ఆ జవాబు ఒక అత్తగారో, పెద్ద కూతురో. ఆ పెద్ద కూతురు బడి మానేసి ఉంటే, ఆమె ఒప్పుకుంటే, అదీ రాయండి. అమ్మగారి సేవకు ఆ ఇల్లు చెల్లించిన వెల అది.

పిడికెడు బియ్యం లెక్క కూడా కట్టండి. దీని గురించి ఎవరూ చెప్పరు, ఇంత చిన్న విషయమేమిటని. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. పిడికిట్లో పట్టేది సుమారు 50 గ్రాములు. రెండు పూటలా తీస్తే నెలకు 3 కిలోలు. సంఘంలోని స్త్రీల సమాజంలో 40 ఇళ్లుంటే నెలకు 120 కిలోలు. ఆ బియ్యం అమ్మిన డబ్బు ఎక్కడికి వెళ్లిందో సమాజం మినిట్స్ పుస్తకంలో ఉంటుంది. సువార్తికుడి జీతమా, గుడి పైకప్పు రేకులా, చూసి రాయండి. కుండ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి గుర్తుచేసింది అమ్మగారైతే ఆ రేకుల్లో ఆమె పాలుంది.

ఆమె బైబిలు ప్రతి పేజీ తిప్పండి. అంచుల్లో తేదీలుంటాయి, పిల్లల పరీక్షలుంటాయి, ఎవరి జబ్బుకో పెట్టిన గుర్తులుంటాయి. మధ్యలో దాచిన చీటీలు ఏ పేజీలోవి ఆ పేజీలోనే ఉంచి ఫోన్‌తో ఫోటో తీయండి. బయటికి లాగి కుప్ప పోస్తే ఏ వచనం దగ్గర ఎందుకు పెట్టారో ఇక తెలియదు. ఇతరుల కష్టాలు రాసి ఉంటే అవి ఆవిడకు నమ్మి చెప్పుకున్న మాటలు. పైకి చదవొద్దు.

రాసేటప్పుడు కొలత పెట్టుకోండి. గుడిలో నిదానంగా చదివితే నిమిషానికి 80 నుంచి 100 మాటలు. ఆరు నిమిషాలకు 500 మాటలు దాటొద్దు. పుట్టుక, చదువు, పెళ్లి ఒక నిమిషంలో ముగించి, మిగతాదంతా పనికివ్వండి. ఆఖరి జబ్బు, ఆసుపత్రి రెండు వాక్యాలు చాలు. చాలా సంగ్రహాల్లో సగం సమయం ఆసుపత్రే తినేస్తుంది. గుణవతియైన భార్యను గురించిన సామెతలు 31 ఎలాగూ వాక్యం చెప్పే అయ్యగారు చదువుతారు, మీరు చదవక్కర్లేదు. వాక్యం కావాలంటే 2 తిమోతి మొదటి అధ్యాయం చూడండి. అక్కడ పౌలు, తిమోతి అవ్వ లోయిని, తల్లి యునీకేను పేర్లతో రాశాడు. రోమా 16లో రూఫు తల్లిని తనకూ తల్లే అన్నాడు గానీ పేరు రాయలేదు. మనకు ఇప్పటికీ ఆమె పేరు తెలియదు.

ఆఖరుగా టైపింగు. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టిస్తే అచ్చు బాగానే వస్తుంది. కానీ ఆ ఫైలు వేరే ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి, వెతికినా దొరకదు. ఏ ఫోన్లోనైనా తెరుచుకునే యూనికోడ్ కాపీ కూడా అడిగి తీసుకోండి. ఫ్లెక్సీ ప్రింటుకు పంపే ముందు పేరు, రెండు తేదీలు ఇంట్లోవాళ్లు కాని మనిషి చేత చదివించండి, ఏడ్చిన కళ్లకు తప్పులు ఆనవు. ఒక కాపీ సంఘం బీరువాలో, బాప్తిస్మపు రిజిస్టరు పక్కన పెట్టించి, పెట్టిన తేదీ మినిట్స్‌లో రాయించండి.