వైజాగ్ ఎండకి ఏ క్యారెట్ తట్టుకుంది? టన్నెల్లో నాలుగు రకాలు వేసి చూశాను

అందరికీ నమస్కారం. ఇవాళ ఫిబ్రవరి మొదటి ఆదివారం, మధురవాడలో మా పెరట్లో టన్నెల్ కింద నిలబడి మాట్లాడుతున్నాను, రోడ్డు దగ్గరే కాబట్టి మధ్యలో లారీ హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి. టన్నెల్ అంటే పెద్ద పాలీహౌస్ ఏం కాదు. జీఐ పైపులు వంచి పైన 200 మైక్రాన్ల యూవీ షీటు కప్పాను, అంతే. లోపల అడుగు ఎత్తు మడులు రెండున్నాయి. నవంబరు మొదటి వారంలో ఈ ఎడమ మడిలో నాలుగు రకాల క్యారెట్ వేశాను, ఇప్పుడు మీ ముందే పీకుతాను. ఎలా ఉంటాయో నాకూ తెలీదు.

పీకే ముందు ఒక్క మాట. చలి దేశాల వాళ్ల వీడియోలు చూసి వాళ్లు చెప్పిన రకాలు కొనేయకండి, నేను మొదటి ఏడాది చేసింది అదే. వాళ్లకి టన్నెల్ అంటే దుప్పటి. మనకి గొడుగు. క్యారెట్‌కి మంచి రంగు రావాలంటే 15 నుంచి 20 డిగ్రీలు ఉండాలి, మనకేమో జనవరిలో తెల్లారుజామున 18కి దిగితేనే స్వెటర్లు బయటికి తీస్తాం (లంబసింగి వాళ్లు వింటే నవ్వుతారు). ఆ ఏడాది సెప్టెంబర్లోనే విత్తేసి, పురుగులొస్తాయన్న భయంతో పక్కల షీట్లు కూడా దించేశాను. మధ్యాహ్నం లోపలికి వస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టే ఉండేది. దుంపలు చిటికెన వేలంత వచ్చాయి, పాలిపోయి, ఒళ్లంతా పీచు వేర్లు. మా అత్తగారు చూసి "ఇవి ముల్లంగి పిల్లలా?" అని అడిగారు.

మరి టన్నెల్ ఎందుకు అంటారా, వాన కోసం. క్యారెట్ విత్తనం మొలవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, సరిగ్గా ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఏదో ఒక వాయుగుండం పడుతుంది, ఒక్క రాత్రి కుండపోతకి విత్తనం అంతా మడి చివరికి కొట్టుకుపోతుంది. పైన షీటు, నాలుగు పక్కలా దోమతెర వలలాంటి నెట్టు, ఇదీ మన పద్ధతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు మనది, అందుకే షీటుని క్లిప్పులతో పెట్టండి, తుపాను హెచ్చరిక రాగానే విప్పి చుట్టేసేలా ఉండాలి.

సరే, మొదటిది ఎర్లీ నాంటెస్. ఇదిగో... పొడవు బాగుంది, జానెడు కంటే కాస్త తక్కువ, మొన కూడా మొద్దుగా వచ్చింది, రకం లక్షణం అదే. తింటే తియ్యగా ఉంది. కానీ చూడండి, రంగు లేత నారింజ, రైతు బజార్లో దొరికే ఊటీ క్యారెట్ పక్కన పెడితే వెలిసిపోయినట్టుంది. పైగా వరసలో సగం ఇంకా సన్నగానే ఉన్నాయి. చల్లటి చోట రాజు, మన దగ్గర అతిథి.

రెండోది న్యూ కురోడా, జపాన్ రకం. అబ్బ! ఇది పీకుతుంటేనే బరువు తెలుస్తోంది. భుజం దగ్గర లావుగా ఉండి కిందికి సన్నబడుతుంది, లోపల బెండు కూడా నారింజ రంగే. వేడికి ఓర్చుకుంటుందని పేరున్న రకం, నా మడిలోనైతే నిజమే అయ్యింది. తీపి నాంటెస్ కంటే ఒక పిసరు తక్కువ, కూరకి, సాంబారుకి ఆ తేడా ఎవరికీ తెలీదు.

మూడోది పూసా రుధిర, ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్ఐ వాళ్ల ఎర్ర క్యారెట్, టమాటాకి రంగునిచ్చే లైకోపీనే దీనికీ ఎరుపునిస్తుంది. రంగు బ్రహ్మాండం, హల్వాకే పుట్టినట్టుంది. కాకపోతే ఇది పొడుగు దుంప, నా మడి లోతు అడుగే, కింద గట్టి నేల తగలగానే ఇలా కాళ్లు చాపి రెండుగా చీలింది. మీ మడి అడుగున్నర లోతుంటే వేయండి, లేకపోతే వద్దు.

నాలుగోది ప్యారిస్ మార్కెట్. గుండ్రంగా, నిమ్మకాయంత. పిల్లలు పీకుతూ సంబరపడతారు, కుండీల వాళ్లకి సరిపోతుంది, కానీ ఇన్ని పీకితే ఒక్క పూట కూరకి వస్తుంది. నేనైతే మళ్లీ వేయను.

రకం ఒక్కటే అంతా చేయదు లెండి. మన ఎర్రమట్టి తడి ఆరితే బిగుసుకుపోతుంది కాబట్టి ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, జల్లెడ పట్టి రాళ్లు ఏరాను. పచ్చి పేడ మాత్రం వేయకండి, దుంపలు చీలికలవుతాయి. మొలకలు వచ్చాక రెండంగుళాలకి ఒకటి ఉంచి మిగతావి పీకేయాలి, నాకు ఇక్కడే ప్రాణం ఒప్పదు, ఆ మూలన మనసొప్పక వదిలేసినవి చూడండి, తాళ్లలా ఒకదాన్ని ఒకటి చుట్టుకున్నాయి. ఇంకోటి, ప్యాకెట్ మీద తేదీ చూసి కొనండి, క్యారెట్ విత్తనం పాతదైతే మొలవదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక ప్యాకెట్లో పదింటికి రెండు కూడా రాలేదు, మళ్లీ కొని వేశాను.

వచ్చే నవంబర్లో ఈ మడిలో మూడొంతులు న్యూ కురోడానే. మిగిలిన వంతులో బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క సూరజ్ రకం వేస్తాను, అది నాంటెస్ తరహా దుంపే గానీ మనలాంటి వేడి ప్రాంతాల్లో కూడా పూసి విత్తనం కడుతుంది, అలా కడితే ఇక ప్యాకెట్లు కొనే పనే ఉండదు. ఇప్పుడు ఈ చీలిన ఎర్రవి కడిగి లోపలికి ఇవ్వాలి, అత్తగారు అప్పుడే పాలు పొయ్యి మీద పెట్టేశారు.