చివరి వరుస నుంచి క్లోజప్‌ దాకా

శ్రోతలకు నమస్కారం. నాటకాల్లో పేరు తెచ్చుకున్న నటి సీరియల్‌ సెట్‌లో అడుగుపెట్టగానే వినే మొదటి మాట, "కొంచెం తగ్గించండమ్మా". ఏది తగ్గించాలో మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. తగ్గాల్సింది గొంతూ చేతులూ. భావం తగ్గిస్తే మొహంలో ఏమీ మిగలదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఒకే కెమెరాతో తీసేటప్పుడు సాధారణంగా ముందు అందరూ కనబడేలా వైడ్‌ షాట్‌ తీస్తారు. తర్వాత లైట్లు మార్చి ఒక్కొక్కరి క్లోజప్‌లు తీస్తారు. కొత్తగా వచ్చినావిడ వైడ్‌లోనే దుఃఖమంతా కుమ్మరించేస్తుంది. అంత దూరం నుంచి కన్నీళ్లు కనబడనే కనబడవు. కెమెరా మొహం మీదికి వచ్చేసరికి కళ్లు ఎండిపోయి ఉంటాయి. ఇక గ్లిజరిన్‌ తెమ్మనడమే! వైడ్‌లో కదలికలు కచ్చితంగా చేసి, ఏడుపు దాచుకోవాలి.

కదలికలకు అంత పట్టింపు ఎందుకంటే, కంటిన్యుటీ కోసం. "వెళ్లిపో" అన్న మాట మీద కుడిచేత్తో గ్లాసు బల్ల మీద పెట్టిందనుకోండి. ప్రతి టేకులోనూ అదే మాట మీద, అదే చేత్తో పెట్టాలి. తేడా వస్తే రెండు షాట్లూ అతకవు. అప్పుడు ఎడిటర్‌ బాగా నటించిన టేకును వదిలేసి, అతికే టేకునే వాడుకుంటాడు.

క్లోజప్‌లో ఎదుటివారి రెండు కళ్లనూ మార్చి మార్చి చూస్తే, తెర మీద అవి దొంగచూపులవుతాయి. కెమెరా వైపున్న ఒక్క కంటినే చూడాలి. ఎక్కడ నిలబడాలో చూపే నేల మీది టేపు గుర్తు దాటి జానెడు జరిగినా ఫోకస్‌ పోవచ్చు. గుర్తు మీద నిలబడి, బయలుదేరే చోటికి వెనక్కి నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకుంటే, షాట్‌లో కిందికి చూడాల్సిన పని ఉండదు. బట్టలకు మైకు తగిలించి ఉంటే గుండె మీద చెయ్యి వేసుకోకూడదు, దబ్బుమని వినిపిస్తుంది. ఇక ప్రాంప్టింగ్‌ మీద, అంటే పక్కనుంచి ఒకరు డైలాగు అందించడం మీద ఆధారపడితే, తర్వాతి మాట కోసం ఎదురుచూడటం కళ్లలోనే తెలిసిపోతుంది.

కొన్నేళ్ల తర్వాత మళ్లీ నాటకానికి వెళితే ముందు దెబ్బతినేది వాక్యం చివర. మైకుకు అలవాటుపడ్డ గొంతు ఆఖరి మాటను మింగేస్తుంది. తెలుగులో క్రియ ఉండేది అక్కడే. "నేను నిన్ను" దాకా వినబడి, క్షమించిందో శపించిందో వెనక వరుసకు తెలియదు. రిహార్సల్‌లో ఒకరిని చివరి వరుసలో కూర్చోబెట్టి, ప్రతి వాక్యం ఆఖరి మాటను తిరిగి చెప్పమనాలి. వాళ్లు తడబడ్డ చోటల్లా ఊపిరి ముందే అయిపోయిందని అర్థం. అక్కడ వాక్యం మొదలుపెట్టే ముందే నిండా గాలి తీసుకోవాలి.