ఎద్దు మళ్లినట్టు

శ్రోతలకు నమస్కారం. గుండ్లకమ్మ పక్కన మెట్టచేలలో గొర్రుతో విత్తడం చూసినవారికి, నేను చెప్పబోయే గ్రీకు మాట సగం తెలిసినట్టే. గిత్తలు తూర్పు గట్టు దాకా వెళ్లగానే రైతు గొర్రు పైకెత్తి వాటిని మళ్లిస్తాడు. పక్క చాళ్లు పడమటికి సాగుతాయి. వట్టి గొర్రుతో మొదటి గట్టుకు వెనక్కి నడిచేవారు ఉండరు. కొండ్ర వేసి చుట్టూ దున్నే చేనికి ఈ పోలిక కుదరదని పెద్దలు అభ్యంతరం చెబుతారనే, నాగలి అనకుండా గొర్రు అన్నాను.

ఆ మాట ‘బూస్ట్రఫీడన్’. నోరు తిరగకపోతే తప్పు మీది కాదు. గ్రీకులో ‘బూస్’ అంటే ఎద్దు, ‘స్ట్రఫీ’ అంటే మలుపు. మొత్తానికి ‘ఎద్దు మళ్లినట్టు’ అని అర్థం. ఆ ‘బూస్’కూ, సంస్కృతంలోని ‘గో’కూ మూలం ఒకటే. ఒంగోలు గిత్తకు ఈ మాట మరీ పరాయిదేమీ కాదు.

మొదట ఇది ఒక రాతపద్ధతికి పేరు. క్రీట్ దీవిలోని గోర్టిన్‌లో క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో రాతిగోడ మీద చట్టం చెక్కారు. ఒక వరుస కుడి నుంచి ఎడమకు నడిస్తే, తరువాతిది ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. వరుసతో పాటు అక్షరాలూ అద్దంలో చూసినట్టు ముఖం తిప్పుకుంటాయి.

గణితంలో ఇలా మళ్లే అంకెల త్రిభుజాన్ని 1877లో జర్మన్ గణితవేత్త సైడెల్ వేశారు. 1996లో మిల్లర్, స్లోన్, యంగ్ ఆ పద్ధతిని విస్తరించి, దానికి ఈ ఎద్దు పేరే పెట్టారు. ఒక్క చాలు చూస్తే చాలు, సంగతి తెలుస్తుంది. కాగితం తీసుకోండి.

సున్నా, ఒకటి, రెండు, రెండు. ఇది పై వరుస. కింది వరుసను అది ఆగిన చోట సున్నాతో మొదలుపెట్టి వెనక్కి రావాలి. సున్నాకు రెండు కలిపితే రెండు, మరో రెండు కలిపితే నాలుగు, ఒకటి కలిపితే ఐదు, సున్నా కలిపినా ఐదే.

ఆ ఐదుకు అర్థముంది. నలుగురు పిల్లలు, నలుగురివీ వేర్వేరు ఎత్తులు. రెండోవాడు మొదటివాడికన్నా పొడుగు, మూడోవాడు రెండోవాడికన్నా పొట్టి, నాలుగోవాడు మూడోవాడికన్నా పొడుగు ఉండేలా వాళ్లను నిలబెట్టే తీరులు సరిగ్గా ఐదు. ఐదుగురైతే 16, ఆరుగురైతే 61.

తరువాతి వరుస మీరే వేయండి. చివర 16 వస్తుంది. మళ్లించడం మరిచిపోయినా 16 వచ్చేస్తుంది, దాన్ని చూసి మురిసిపోకండి. బండారం ఆ కింది వరుసలో బయటపడుతుంది, 61 రావలసిన చోట 35 వచ్చి కూర్చుంటుంది.