మధ్య కాలు చెప్పే మాట: పాత మానిటర్‌లో పాట్ టెస్టింగ్

హోస్ట్: అన్నా, మొన్న చెప్పాను కదా, ఆ పాత సీఆర్‌టీ, అంటే పిక్చర్ ట్యూబ్ మానిటర్, బొమ్మ ఉండుండి పైకి పాకుతోంది, బొమ్మని నిలకడగా పట్టి ఉంచే చిన్న పాట్ (తిప్పితే రెసిస్టెన్స్ మారేది) ఉంటుందే, ఆ వర్టికల్ హోల్డ్ ప్రీసెట్‌ని స్క్రూడ్రైవర్‌తో అలా ముట్టుకుంటే చాలు ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ మొదలు. మీటర్ పెడితేనేమో పాట్ బాగానే ఉందంటోంది.

గెస్ట్: మీటర్ ఎక్కడ పెట్టావ్, రెండు చివరి కాళ్లకా?

హోస్ట్: ఆ, వాటికే. 10 కే, అంటే 10 వేల ఓములు చూపించింది.

గెస్ట్: అక్కడే అందరూ పొరపాటు పడేది. చివర్ల మధ్య కొలిస్తే తెలిసేది కార్బన్ ట్రాక్ మొత్తం రెసిస్టెన్స్ ఒక్కటే, అది అంత తొందరగా చెడదు. చెడేది మధ్య కాలు, అంటే వైపర్, ట్రాక్ మీద ఆనుకుని తిరిగే ఆ చిన్న రేకు. ఏళ్ల తరబడి ఒకేచోట ఉండిపోతుంది కదా, దాని కింద ఆక్సైడ్ పడుతుంది, దాంతో కాంటాక్ట్ కాసేపు దొరుకుతుంది కాసేపు పోతుంది. నువ్వు ముట్టుకోగానే బొమ్మ నిలబడిందంటే నాకు దానిమీదే అనుమానం.

హోస్ట్: బోర్డు ఇక్కడే ఉంది, ఇప్పుడే తిప్పి చూడనా?

గెస్ట్: ఆగాగు, తిప్పకు! ముందు మార్కర్‌తో ఇప్పుడున్న పొజిషన్‌కి గీత పెట్టు. ప్లగ్ పీకావా, ట్యూబ్ ఆనోడ్ (ట్యూబ్‌కి హై వోల్టేజ్ అందే చోటు), పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్ డిశ్చార్జ్ చేశావా? కలర్ ట్యూబ్ ఆనోడ్ మీద 20 వేల వోల్టుల పైనే ఉంటుంది, ఆఫ్ చేశాక కూడా చార్జ్ నిలిచే ఉంటుంది, ఇది మాత్రం ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తి ఉండదు.

హోస్ట్: అన్నీ చేశానన్నా, పాట్‌ని బోర్డు నుంచి పీకేశా కూడా.

గెస్ట్: మంచి పని చేశావ్, బోర్డు మీదే కొలిస్తే పక్క రెసిస్టర్లు ప్యారలల్‌గా కలిసి రీడింగ్ తగ్గించేస్తాయి. ఇప్పుడు కదపకుండా మధ్య కాలు నుంచి అటు ఒకసారి, ఇటు ఒకసారి కొలువు.

హోస్ట్: అటు 4.5... ఇటు 7.5.

గెస్ట్: కలిపితే 12, ఉండాల్సింది 10. ఆ ఎక్కువైన 2 కే వైపర్ కాంటాక్ట్‌ది, రెండుసార్లూ అది లెక్కలోకి వచ్చింది కాబట్టి అసలు 1 కే అన్నమాట. దొరికింది చూడు! ఇప్పుడు ముల్లు మీటర్ పెట్టి మెల్లగా తిప్పు, డిజిటల్‌లో చిన్న చిన్న గెంతులు కనపడకుండా పోతాయి.

హోస్ట్: ముల్లు సాఫీగానే పోతోంది... ఆ, గీత దగ్గరికొచ్చేసరికి టప్పున ఎగిరింది!

గెస్ట్: కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఓ ఇరవై సార్లు తిప్పు, బాగా ఆరనివ్వు. ట్రాకే అరిగిపోయుంటే మాత్రం క్లీనర్‌తో బాగవదు, అదే వాల్యూ లీనియర్ (తిప్పినకొద్దీ సమానంగా మారే) ప్రీసెట్ కొత్తది వేసెయ్యాలి. ఇంకోటి, ఫ్లైబ్యాక్, అంటే హై వోల్టేజ్ తయారుచేసే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫోకస్ పాట్ ఉంటుందే, దాన్ని ఇలా కొలవబోకు, అది మెగా ఓముల్లో ఉంటుంది, మామూలు మీటర్ ఓపెన్ (తెగిపోయింది) అని చూపిస్తే మంచిదాన్ని పారేస్తావ్.

(కాసేపయ్యాక)

హోస్ట్: ఆరిందన్నా, గీత దగ్గరికే తెచ్చిపెట్టా. అటు 3.5, ఇటు... 6.5!

గెస్ట్: సరిగ్గా 10. పెట్టెయ్ బోర్డులో.