ముప్పై మంది పిల్లలేగా, ఏం పని?

విద్యా విధానాల మీద పరిశోధన చేస్తున్నానని చెబితే చాలు, పెళ్ళి భోజనాల్లో ఎవరో ఒకరు అందుకుంటారు: "ప్రభుత్వ బడి టీచరుకు పనేముందమ్మా, ముప్పై మంది పిల్లలేగా!" ఆ మాట విన్నాక నాకు పులిహోర కూడా దిగదు. అందుకే ఈ వీడియో.

పులిహోర సంగతే చూద్దాం. ముప్పై మందికి ఒక్క గుండిగలో కలపడం పెద్ద కష్టమేమీ కాదు. అదే ముప్పై మందికి ఐదు పొయ్యిల మీద ఐదు రకాల వంటలు ఒక్క మనిషే ఒకేసారి దించాలంటే? ఒకే టీచరు ఐదు తరగతులూ చూసుకునే ఏకోపాధ్యాయ బడి అంటే అదే. ఒక పొయ్యి మీద ఒకటో తరగతి అక్షరాలు, ఇంకో పొయ్యి మీద ఐదో తరగతి భిన్నాలు. ఇటు తిరిగితే అటు అడుగంటుతుంది. ఒక బడిలో నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. టీచరు మూడో తరగతి వైపు తిరిగేసరికి భోజనం గంట కొట్టారు.

కేంద్ర విద్యాశాఖ బడుల వివరాలు సేకరించే యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల ప్రకారం దేశంలో ఇలాంటి బడులు లక్షకు పైనే. పిల్లలు సుమారు 33 లక్షల 76 వేలు. అంటే బడికి సగటున 32 మంది. విద్యాహక్కు చట్టం 30 మందికి ఒక టీచరు అంటుంది కాబట్టి కాగితం మీద అంతా దాదాపు బాగున్నట్టే కనిపిస్తుంది! అదే చట్టం 60 మంది వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలని కూడా చెప్పింది. సగటులు వల్లించేవారికి ఆ వాక్యం ఎందుకో కనిపించదు. ఇలాంటి బడులు ఎక్కువగా ఉన్న రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే: 12,912.

మరి ఆ బడుల్లో ఎవరి పిల్లలుంటారు? స్తోమత ఉన్నవారి పిల్లలు ఎప్పుడో ప్రైవేటు బడి వ్యాను ఎక్కేశారు. వ్యాను రాని తండాల పిల్లలు, ఫీజు కట్టలేని కూలీల పిల్లలు మిగిలారు. అసమానత అంటే ఏమిటో పుస్తకం తెరిచి వెతకనక్కర్లేదు.

సమయం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 27 అంటుంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మాత్రం మినహాయింపు. ఉన్న ఒక్క వంటమనిషినీ ఎన్నికలకు పిలిస్తే ఐదు పొయ్యిలూ ఆరిపోతాయి. పైగా ఫోనులో హాజరు, భోజనం ఫొటోలు.

బడులు కలిపేస్తే సరిపోతుంది కదా అంటారా? పొయ్యిలు తగ్గవు, వంటమనుషులు పెరుగుతారు, నిజమే. ఏడేళ్ళ పిల్ల నడవాల్సిన దూరం కూడా పెరుగుతుంది. 2022లో బడుల విలీనానికి దారితీసిన రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 117 మీద నడిచిన గొడవ ఇదే. దానికి ఇంకో వీడియో కావాలి.