చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ మ్యాపింగ్: ముందు కొలతలు, తర్వాతే టూల్స్

[తెరపై: ఎడిటర్‌లో కొత్త ఫైల్. గ్రిడ్ తప్ప ఏమీ లేదు.]

నమస్తే. ఒకప్పుడు గేమ్‌లకి మ్యాపులు, అంటే ఆట జరిగే లెవెల్స్, చేసేవాళ్ళు. ఉద్యోగమో, చదువో, ఇంకేదో అడ్డొచ్చి వదిలేశారు. ఇప్పుడు మళ్ళీ చెయ్యాలనిపించి, వాటిని కట్టే ఎడిటర్ డౌన్‌లోడ్ చేశారు. తెరిచారు. గ్రిడ్ కనిపించింది, చెయ్యి ఆడలేదు. అలా ఆగిపోయినవాళ్ళ కోసమే ఈ వీడియో.

ఈ దశలో చాలామంది ట్యుటోరియల్స్ వెంట పడతారు. కొత్త ఎడిటర్‌లో ఏముంది, కొత్త ఇంజిన్‌లో (గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఏముంది అని చూస్తూ కూర్చుంటే వీడియోలు అయిపోతాయి గానీ గది ఒక్కటీ లేవదు. (అవును, ఇదీ అలాంటి వీడియోనే. అందుకే త్వరగా ముగిస్తాను.) షార్ట్‌కట్లు ఎలాగూ వాడుతుంటే వచ్చేస్తాయి. విరామంలో నిజంగా పోయేది కొలతల అంచనా. తలుపు ఎంత వెడల్పు పెడితే ఇరుగ్గా ఉండదు, సీలింగ్ ఎంత ఎత్తు పెడితే గది గదిలా అనిపిస్తుంది అనేవి ఒకప్పుడు ఆలోచించకుండానే తెలిసేవి. ముందు వాటిని వెనక్కి తెచ్చుకోవాలి.

[తెరపై: మూడు గేమ్‌ల ప్లేయర్ పెట్టెలు పక్కపక్కన. డూమ్, క్వేక్, హాఫ్ లైఫ్ 2.]

ఈ మూడు పెట్టెలు చూడండి. గోడలకి తగిలేది మీకు కనిపించే బొమ్మ కాదు, ఈ పెట్టె. డూమ్ 1993లో, క్వేక్ 1996లో, హాఫ్ లైఫ్ 2 2004లో వచ్చాయి. మూడింట్లోనూ పెట్టె వెడల్పు 32 యూనిట్లే (యూనిట్ అంటే గేమ్ లోపలి కొలత). ఎత్తు మాత్రం డూమ్‌లో, క్వేక్‌లో 56, హాఫ్ లైఫ్ 2లో 72. కన్ను ఉండే చోటు కూడా మారుతుంది. డూమ్‌లో నేల నుంచి 41 యూనిట్ల ఎత్తులో ఉంటే, హాఫ్ లైఫ్ 2లో 64 దగ్గర ఉంటుంది. కాబట్టి ఒకే గదిని రెండు గేమ్‌లలో కడితే రెండు వేర్వేరు గదుల్లా అనిపిస్తాయి.

మెట్ల దగ్గర ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

[తెరపై: డూమ్‌లో మెట్లు ఎక్కడం. వెంటనే అవే మెట్లు క్వేక్‌లో. ప్లేయర్ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు.]

డూమ్‌లో 24 యూనిట్ల మెట్టుని నడుస్తూనే ఎక్కేయొచ్చు. క్వేక్‌లో 18 దాటితే దూకాల్సిందే. అందుకే క్వేక్ మ్యాపర్లు మెట్టుని సాధారణంగా 16కే కడతారు, గ్రిడ్‌కి కూడా సరిగ్గా కూర్చుంటుంది. పాత గేమ్ వదిలి కొత్తదానికి వెళ్తే మొదట తన్నేది ఇక్కడే. అన్‌రియల్ ఇంజిన్‌లో అయితే 1 యూనిట్ అంటే 1 సెంటీమీటరు, యూనిటీ ఇంజిన్‌లో 1 మీటరు. వాటిలో పాత అంకెలు ఏవీ పనికిరావు.

మీటర్లలో కొలుస్తున్నాం కదా అని నిజం ఇంటి కొలతలతో గది కడితే ఇంకో చిక్కు. గేమ్‌లో అది అగ్గిపెట్టెలా ఉంటుంది. ఆటగాడు నడవడు, పరిగెడతాడు. పక్కచూపు ఉండదు, తెర ఎంత చూపిస్తే అంతే. పైగా శత్రువులు తిరగడానికి చోటు కావాలి. అందుకే గేమ్ తలుపులు, వరండాలు నిజం వాటికంటే పెద్దవిగానే ఉంటాయి.

[తెరపై: కొలతల మ్యాప్ కట్టడం, వేగంగా.]

కాబట్టి మొదటి సాయంత్రం కథ, థీమ్ లాంటివేమీ వద్దు. నాలుగు దారులు కట్టండి, వెడల్పు 64, 96, 128, 192 (ఇవి డూమ్, క్వేక్ యూనిట్లు). ఎత్తు మారుస్తూ మూడు సీలింగులు పెట్టండి. 8, 16, 24 మెట్లు ఒక్కో వరుస. దూకడానికి రెండు మూడు గుంటలు. ఎడిటర్‌లో చూసి వదిలేయకుండా గేమ్‌లోకి వెళ్ళి పరిగెత్తండి, ఒక శత్రువుని పెట్టి పోరాడండి. 64 దారిలో ఎదురుగా ఒకడు నిలబడితే తప్పించుకునే దారే ఉండదు, 128లో పక్కకి జరగొచ్చు. ఈ తేడా చదివితే గుర్తుండదు, ఆడితే గుర్తుంటుంది. తర్వాత కూడా అనుమానం వచ్చినప్పుడల్లా ఇదే మ్యాప్ తెరిచి చూసుకోవచ్చు.

[తెరపై: నోట్‌ప్యాడ్‌లో తెరిచిన మ్యాప్ ఫైల్. బ్రాకెట్లలో అంకెల వరుసలు.]

ఇక పాత హార్డ్ డిస్క్‌లో సగంలో ఆగిన మ్యాప్ ఉందా? సంతోషమే. క్వేక్ మ్యాప్ ఫైల్ మామూలు టెక్స్ట్. ఈ వరుస చూడండి: మూడు బిందువులు, పక్కన టెక్స్చర్ (గోడ మీద అతికే బొమ్మ) పేరు. ఆ మూడు బిందువులు కలిపి ఒక తలం. అలాంటి తలాలు కొన్ని చుట్టూ మూసుకుంటే ఒక బ్రష్, అంటే ఒక ఘనమైన దిమ్మ. ఇంత సాదాగా ఉండబట్టే, ఎన్నో ఏళ్ళ క్రితం సేవ్ చేసిన ఫైల్ కూడా ట్రెంచ్‌బ్రూమ్ అనే ఎడిటర్‌లో తెరుచుకుంటుంది. అది ఉచితం, విండోస్, మాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. టెక్స్చర్లు కనబడకపోతే కంగారు పడొద్దు, వాటి ఫైల్ ఎక్కడుందో ఎడిటర్‌కి మళ్ళీ చూపించాలి, అంతే. కంపైల్ అయిన ఫైల్, అంటే గేమ్ ఆడించే రూపంలోకి మార్చిన ఫైల్ మాత్రమే మిగిలితే దాన్ని విప్పే టూల్స్ ఉన్నాయి గానీ బ్రష్‌లు ముక్కలు ముక్కలుగా వస్తాయి. నా మాట వింటే, దాన్ని చూస్తూ కొత్తగా కట్టుకోవడమే తేలిక.

ఆ పాత మ్యాప్‌ని పూర్తి చెయ్యాలని మాత్రం కూర్చోకండి. అందులో మీకు బాగా నచ్చిన గది ఒకటి తీసుకుని మిగతాది వదిలేయండి.

[తెరపై: కంపైల్ విండోలో లీక్ హెచ్చరిక. తర్వాత ఎడిటర్‌లో గీత.]

పాత శత్రువు ఒకడు మాత్రం ఇంకా అలాగే ఉన్నాడు: లీక్. క్వేక్ తరహా ఇంజిన్‌లలో మ్యాప్ నలువైపులా మూసి ఉండాలి. ఎక్కడో ఒక్క యూనిట్ సందు ఉన్నా లోపల ఏది, బయట ఏది అని కంపైలర్ తేల్చుకోలేదు. అది తేలకపోతే ఎక్కడి నుంచి ఏం కనిపిస్తుందనే లెక్క వెయ్యలేదు, దాంతో గేమ్ కనబడని గదులు కూడా గీస్తూ పోతుంది. సందు వెతకడానికి, కంపైలర్ రాసిచ్చే పాయింట్ ఫైల్‌ని ఎడిటర్‌లో లోడ్ చెయ్యండి. లోపలున్న ఒక వస్తువు నుంచి బయటి శూన్యం దాకా ఒక గీత కనిపిస్తుంది. గీత గోడ దాటిన చోటే సందు ఉంటుంది. మ్యాప్ మొత్తానికీ ఒక పెద్ద పెట్టె తొడిగేస్తే హెచ్చరిక పోతుంది, నిజమే. కానీ అప్పుడు గోడల బయటి వైపులు కూడా మ్యాప్‌లో భాగమే అయిపోతాయి, కంపైల్ సాగుతూనే ఉంటుంది.

కంపైల్ టైమ్ సంగతి మాత్రం చాలా మెరుగుపడింది. అప్పట్లో పెద్ద మ్యాప్‌ని రాత్రి పెట్టి పొద్దున చూసుకునేవాళ్ళం. ఇప్పుడు కంపైలర్లు ప్రాసెసర్ కోర్లన్నీ వాడుకుంటాయి, చిన్న గది చిటికెలో అయిపోతుంది. కాబట్టి గోడ కట్టిన ప్రతిసారీ ఆడి చూడటానికి బద్ధకించక్కర్లేదు.

[తెరపై: 1024 × 1024 గీతల పెట్టె.]

మొదటి మ్యాప్‌కి ఒక హద్దు పెట్టుకోండి. 1024కి 1024 చదరంలోనే మ్యాప్ అంతా ఇమడాలనే సవాళ్ళు డూమ్ మ్యాపర్లలో పాతవే. డూమ్ సృష్టికర్తల్లో ఒకరైన జాన్ రొమేరో కూడా 2016 జనవరిలో 21 ఏళ్ళ తర్వాత డూమ్ లెవెల్ ఒకటి విడుదల చేశారు. కొత్త గేమ్ కాదు, మొదటి ఎపిసోడ్‌లోని ఎనిమిదో లెవెల్ స్థానంలో ఆడుకోవడానికి ఒక్కటంటే ఒక్క లెవెల్. తొమ్మిది లెవెల్స్ ఉన్న ఆయన డూమ్ ఎపిసోడ్ సిజిల్ వచ్చింది 2019లో. అంతటివాడే ఒక్క లెవెల్‌తో మొదలుపెడితే మనకి నామోషీ దేనికి?

[తెరపై: డెమో ఫైల్ ప్లే అవుతుంది. ఆటగాడు తలుపుని చూడకుండా దాటిపోతాడు.]

అయిపోయాక ఇంకొకరితో ఆడించండి. పక్కన కూర్చుని “అటు కాదు, ఇటు” అనకండి, డెమో, అంటే తాము ఆడిన ఆటని గేమ్‌లోనే రికార్డ్ చేసి పంపమనండి. ఇదిగో, ఈయన తలుపు ముందు నుంచే రెండుసార్లు వెళ్ళిపోయారు. ఆ తలుపు మీద వెలుగు లేదు, గోడ రంగులోనే కలిసిపోయింది. ఒక దీపం పెడితే సరిపోతుంది. ఒక జాగ్రత్త: డూమ్ డెమోలో ఉండేది వీడియో కాదు, ఆటగాడు నొక్కిన కీలు. మ్యాప్‌లో ఒక్క గోడ జరిపినా ఆ డెమో గాడి తప్పి, ప్లేయర్ గోడకి తల బాదుకుంటూ కనిపిస్తాడు. అందుకే టెస్ట్‌కి పంపిన కాపీని తేదీ వేసి విడిగా దాచుకోండి, మార్పులు ఇంకో కాపీలో చెయ్యండి.