శాలువాలను చూసి సభలు మానేస్తారా?

మళ్ళీ అదే పాట! రచయితల సభ అంటే చాలు, "శాలువాలు, మెమెంటోలు, భోజనాలు" అని ఎగతాళి. 2024 డిసెంబరు 28, 29ల్లో విజయవాడ కేబీఎన్ కాలేజీలో ప్రపంచ తెలుగు రచయితల మహాసభలు జరిగినప్పుడూ మావాళ్ళు నాతో ఇదే అన్నారు. సరే, ఒప్పుకుంటా. మన సభల్లో శాలువాలు ఎక్కువే. కవి సమ్మేళనంలో ఒకాయనకి మూడు నిమిషాలిస్తే, కవిత ఎలా పుట్టిందో చెప్పడానికే ఐదు తీసుకుంటాడు. ఇక చాలని చీటీ పంపితే, దాన్నీ మైకులో చదువుతాడు!

అయినా సరే, కొత్తగా రాసేవాళ్ళు వెళ్ళి తీరాలి. ఎందుకంటే సభ జరిగేది వేదిక మీద కాదు, టీ దగ్గర.

నమ్మరా? 1970 ఫిబ్రవరి, విశాఖపట్నం, శ్రీశ్రీ షష్టిపూర్తి. పైన సన్మానం. కింద విశాఖ విద్యార్థుల పేరుతో కరపత్రం, రచయితలారా మీరెటువైపు అని. ఆ ప్రశ్న రేపిన వేడిలోంచే అదే ఏడాది జులై 4న హైదరాబాదులో విరసం, అంటే విప్లవ రచయితల సంఘం, పుట్టింది. ఆ రాజకీయాలు మీకు నచ్చాయా లేదా, అది ఇంకో వీడియో. నేనడిగేది ఒక్కటే: ఇంట్లో కూర్చున్నవాడి చేతికి ఆ కాగితం వచ్చేదా?

ఇంగ్లీషులో రాసేవాడికి పుస్తకాన్ని ప్రచురణకర్త దాకా తీసుకెళ్ళే ఏజెంటు దొరుకుతాడు. తెలుగులో ఎవడున్నాడండీ? చాలామందికి సొంత డబ్బే దిక్కు. నా మొదటి కథల పుస్తకమే తీసుకోండి. వెయ్యికి తక్కువ వేస్తే గిట్టదన్నాడు ప్రెస్సాయన. వేయించా. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ పంచగా పంచగా ఇంకా ఆరు కట్టలు మంచం కిందే. ఊడ్చినప్పుడల్లా మా ఆవిడ వాటికో దండకం చదువుతుంది.

తర్వాత ఓ సభలో టీకి నిలబడ్డా. ముందున్న పెద్దాయన, "వంద కాపీలే వేయించాల్సింది కదయ్యా, డిజిటల్ ప్రింటు ఉందిగా, అయిపోతే మళ్ళీ వేసుకోవచ్చు" అన్నాడు. అక్కడితో ఆగాడా? నా పుస్తకం తిరగేసి, "మొదటి రెండు పేజీలు కొట్టెయ్, కథ మూడో పేజీలో మొదలైంది" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది! టీ కూడా తాగకుండా వచ్చేశా. రాత్రి గదిలో తీసి చదివితే... మూడో పేజీలోనే మొదలైంది.

వాట్సాప్ గ్రూపులో చెప్తారా ఈ మాట? అక్కడ అందరూ "అద్భుతం", రెండు దండాలు, అంతే!

అందుకే ఈసారి సభకి వెళ్తే, శాలువాలు కప్పే వేళకి లేచి బయటికొచ్చేయండి. మీ కథ ఒకటి ప్రింటు తీసి జేబులో పెట్టుకోండి. ఫోన్లో మాత్రం చూపించకండి, పెద్దాయన కళ్ళజోడు వెతుక్కునేలోపు టీ చల్లారిపోతుంది.